వెబ్‌సైట్ అమ్మేముందు డబ్బు ఏ దారిన రావాలో తేల్చుకోండి

నేను చిన్న చిన్న వెబ్‌సైట్లు కట్టి, కాస్త ట్రాఫిక్ వచ్చేదాకా పెంచి అమ్మేస్తుంటాను. కాకినాడలో ఇంట్లోంచే పని. ఉద్యోగ నోటిఫికేషన్ల సైట్లు, పిన్‌కోడ్ వెతికే సైట్లు, వంటల సైట్లు, ఇంగ్లిష్‌లో ఒకటి రెండు క్యాలిక్యులేటర్ సైట్లు. ఈ పనిలో ఉన్నానని తెలిసి చాలామంది ఫోన్ చేస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే, "మేడమ్, నా సైట్‌కి ఎంత అడగొచ్చు?" అని. డబ్బు ఎలా తీసుకోవాలని అడిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ. ఫోన్‌పే కొట్టించుకుంటే అయిపోయే పనికి ఇంత ఆలోచన ఎందుకనుకుంటారు. ఐదు వేల రూపాయల థీమ్ పనికి ఆలోచన అక్కర్లేదు, నిజమే. లక్షన్నర, రెండు లక్షల సైట్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది.

ఎందుకంటే డొమైన్, అంటే సైట్ అడ్రస్ పేరు, ఒకసారి అవతలివాళ్ల ఖాతాలోకి వెళ్లిందంటే వెనక్కి తెచ్చుకోవడం దాదాపు జరిగే పని కాదు. రిజిస్ట్రార్‌కి, అంటే డొమైన్ నమోదు చేసిన కంపెనీకి, మెయిల్ పెడితే "మీ ఖాతా నుంచే, మీ అనుమతితోనే బదిలీ అయింది" అంటారు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ముందు డొమైన్ అంటే ఏమిటో చెప్పడానికే పొద్దు గూకుతుంది. మనం ఇచ్చేది వెనక్కి రానిది కాబట్టి, మనకొచ్చే డబ్బు కూడా వెనక్కి పోనిదై ఉండాలి. ఏ పేమెంట్ పద్ధతి గురించి చెప్పినా నేను చూసేది ఇదొక్కటే. ఈ డబ్బు నా ఖాతాలో పడ్డాక పంపినవాడు గానీ, వాడి బ్యాంకు గానీ, ఇంకెవరైనా గానీ వెనక్కి లాగగలరా? లాగగలిగితే ఎన్నాళ్ల దాకా?

పొలం అమ్మితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇద్దరూ ఒకేచోట ఉంటారు. డీడీ చేతిలో పడ్డాకే సంతకం, వేలిముద్ర. సైట్ అమ్మకానికి అలాంటి ఆఫీసు లేదు. కొనేవాడు కరీంనగర్‌లో ఉండొచ్చు, కెనడాలో ఉండొచ్చు. ఆ ఆఫీసు చేసే పనిని మనమే ఏదో ఒక ఏర్పాటుతో భర్తీ చేసుకోవాలి. కొనేవాడు మన దేశంవాడా, బయటివాడా అన్నదాన్ని బట్టి ఆ ఏర్పాటు మారుతుంది. అందుకే ముందు ఇక్కడి సంగతి చెప్తాను.

యూపీఐతో రెండు చిక్కులు

మొదటిది, యూపీఐలో మామూలుగా ఒక మనిషి ఇంకో మనిషికి రోజుకి లక్ష రూపాయలే పంపగలడు. లక్షా ఎనభై వేల సైట్ కొన్నవాడు ఏమంటాడంటే, "మేడమ్, లక్ష నా ఫోన్ నుంచి కొడతాను, మిగతా ఎనభై మా బావమరిది నుంచి, మా ఫ్రెండ్ నుంచి వేయిస్తాను." వినడానికి ఇందులో తప్పేమీ కనబడదు. నేను మాత్రం ఒప్పుకోను.

కారణం రెండో చిక్కులో ఉంది. ఎక్కడో ఎవరో ఆన్‌లైన్‌లో మోసపోయి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తారు. సైబర్ పోలీసులు ఆ డబ్బు ఏ ఖాతాలోంచి ఏ ఖాతాలోకి పోయిందో వరసగా చూసుకుంటూ వస్తారు. ఆ వరసలో మీ ఖాతా తగిలిందంటే, మీకు ఆ మోసంతో ఏ సంబంధం లేకపోయినా ఆ మొత్తం మీద లీన్ పడుతుంది, అంటే ఆ డబ్బు మీరు తీయకుండా బ్యాంకు ఆపేస్తుంది. ఒక్కోసారి ఖాతా మొత్తం ఫ్రీజ్ అవుతుంది. మా వీధి చివర మొబైల్ షాపు నడిపే ఒకాయనకి ఇదే జరిగింది. ముక్కూ మొహం తెలియని కస్టమర్ పాత ఫోన్ ఒకటి కొని స్కాన్ చేసి వెళ్లాడు. కొన్నాళ్లకి ఖాతా ఆగిపోయింది. బ్యాంకులో అడిగితే వేరే రాష్ట్రం సైబర్ స్టేషన్ పేరు, కేసు నంబరు రాసిన కాగితం చేతిలో పెట్టారు. ఆ స్టేషన్‌కి మెయిళ్లు పెట్టుకుంటూ, బిల్లు కాపీలు పంపుకుంటూ ఆయన పడ్డ టెన్షన్ చూశాను. ఆయన దగ్గర బిల్లు ఉంది కాబట్టి సరిపోయింది. సైట్ అమ్మినవాడి దగ్గర ఏముంటుంది? వాట్సాప్ చాట్.

కాబట్టి ఒప్పందం మీద ఎవరి పేరు ఉందో డబ్బు వాళ్ల ఖాతా నుంచే రావాలి. బావమరిది ఖాతా వద్దు, ఫ్రెండ్ ఖాతా వద్దు. కొనేవాడు "మా కంపెనీ నుంచి పంపిస్తాను" అంటే ఒప్పందం కూడా ఆ కంపెనీ పేరుమీదే రాయించండి. దీనికి ఒప్పుకోనివాళ్లు ఉంటారు. పోనివ్వండి, ఇంకొకరు వస్తారు.

అలాగే సైట్లు అమ్మిన డబ్బు కోసం విడిగా ఒక సేవింగ్స్ ఖాతా పెట్టుకోండి. ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజులు కట్టే ఖాతాలో ఈ డబ్బు వేయించుకోవద్దు. ఖర్మ కాలి ఫ్రీజ్ పడినా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

ఇంతకీ యూపీఐని పూర్తిగా వద్దంటున్నానా అంటే కాదు. టోకెన్ అడ్వాన్స్‌కి బాగా పనికొస్తుంది. తెలంగాణ వైపు బయానా అంటారు చూడండి, అది. పదో పరకో శాతం యూపీఐలో వేయించుకుంటే రెండు లాభాలు. కొనేవాడు సరదాకి అడుగుతున్నాడా నిజంగా కొంటాడా తేలిపోతుంది. వాడి బ్యాంకు ఖాతా మీద ఉన్న పేరు కూడా కనిపిస్తుంది. ఆ పేరు, పాన్ కార్డు మీద పేరు, ఒప్పందంలో పేరు మూడూ ఒకటేనా అని సరిచూసుకోవచ్చు. ఒక సంగతి గుర్తుంచుకోండి, డబ్బు రావడానికి మీరు పిన్ కొట్టక్కర్లేదు. "ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీకొస్తుంది" అన్నాడంటే ఫోన్ పెట్టేయండి.

అసలు మొత్తం బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌లోనే

మన దేశంలో కొనేవాడైతే నా ఓటు నెఫ్ట్‌కి లేదా ఆర్టీజీఎస్‌కి. రెండు లక్షలు, ఆ పైన అయితే ఆర్టీజీఎస్ కుదురుతుంది. అంతకంటే తక్కువైతే నెఫ్ట్. ఐదు లక్షల లోపు ఐఎంపీఎస్ కూడా ఉంది. 2019 డిసెంబర్ నుంచి నెఫ్ట్, 2020 డిసెంబర్ నుంచి ఆర్టీజీఎస్ రోజంతా, సెలవు రోజుల్లో కూడా నడుస్తున్నాయి. కాబట్టి "ఇవాళ ఆదివారం మేడమ్, బ్యాంకు లేదు, మీరు డొమైన్ పంపేయండి, రేపు పొద్దున్నే వేస్తాను" అనే మాటకి ఇప్పుడు విలువ లేదు. నెఫ్ట్ అరగంటకో బ్యాచ్ చొప్పున సెటిల్ అవుతుంది కాబట్టి కాస్త ఆలస్యం సహజం. ఆర్టీజీఎస్ ఆలస్యం కాదు. మా తమ్ముడు బ్యాంకులో చేస్తాడు. "ఆర్టీజీఎస్ పడిందంటే పడ్డట్టే అక్కా, పంపినవాడు మనసు మార్చుకుంటే వెనక్కి పోదు" అంటాడు. పొరపాటున పంపానని వాడు తన బ్యాంకులో చెప్పుకున్నా, మామూలుగా మీ ఒప్పుకోలు లేకుండా మీ ఖాతాలోంచి తియ్యరు. పైన చెప్పిన పోలీసు కేసు సంగతి వేరు.

ఇక స్క్రీన్‌షాట్లు. "పంపేశాను మేడమ్, చూసుకోండి" అంటూ ఆకుపచ్చ టిక్కుతో ఒక బొమ్మ వస్తుంది. బొమ్మని బొమ్మగానే చూడాలి. అయినా అందులో ఒక నంబరుంటుంది, దాన్ని చదవడం నేర్చుకుంటే చాలా తెలుస్తుంది. ఆర్టీజీఎస్ యూటీఆర్‌లో, అంటే ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరులో, 22 అక్షరాలుంటాయి. మొదటి నాలుగు పంపిన బ్యాంకు కోడ్, ఐదోది 'ఆర్' అనే అక్షరం, ఇంకో అక్షరం తర్వాత ఆ రోజు తేదీ ఏడాదితో సహా, చివర ఎనిమిది అంకెల వరుస సంఖ్య. నెఫ్ట్ యూటీఆర్‌లో 16 అక్షరాలు. యూపీఐ, ఐఎంపీఎస్‌ల రిఫరెన్స్ అయితే ఉత్త 12 అంకెలు. ఒకసారి నాకో పెద్దమనిషి "ఆర్టీజీఎస్ చేశాను" అని పంపిన బొమ్మలో 12 అంకెల నంబరుంది. బ్యాంకు పేరు ఒకటి, ఐఎఫ్ఎస్‌సీ ఇంకో బ్యాంకుది. "ఖాతాలో పడ్డాక మాట్లాడదాం" అన్నాను. ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తలేదు.

అయితే నంబరు సరిగ్గా ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. తేడాగా ఉన్నంత మాత్రాన దొంగ అనుకోవద్దు కూడా. కొన్ని బ్యాంకు యాప్‌లు యూటీఆర్‌కి బదులు తమ సొంత లావాదేవీ నంబరు చూపిస్తాయి. మీ బ్యాంకు యాప్‌లో మీరే లాగిన్ అయి, స్టేట్‌మెంట్ తెరిస్తే ఎంట్రీ కనబడాలి, పంపినవాడి పేరు కనబడాలి, వాడుకోగల బ్యాలెన్స్ పెరిగి ఉండాలి. మెసేజ్ వచ్చింది కదా అని ఆగిపోవద్దు. మామూలు పది అంకెల నంబరు నుంచి "మీ ఖాతాలో 1,80,000 జమ" అని ఎవరైనా పంపొచ్చు.

ఇంకో ఎత్తు ఉంది. అడిగిన దానికంటే ఎక్కువ పంపి, "చేయి జారింది మేడమ్, మిగతాది ఈ నంబరుకి ఫోన్‌పే చేయండి" అంటారు. ఆ ఎక్కువ నిజంగా పడి ఉంటే అసలు అనుమానించాల్సింది దాన్నే. అది ఇంకెవరిదో అయి ఉండొచ్చు. మీరు వేరే నంబరుకి పంపితే మీ సొంత డబ్బు పోయినట్టు, పైగా దొంగసొమ్మును ముందుకి జరిపినట్టు. మీ బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పి, వచ్చిన ఖాతాకే వెనక్కి పంపమనండి. నిజాయితీపరుడైతే అభ్యంతరం చెప్పడు.

చెక్కు ఇస్తానంటే తీసుకోండి, కానీ అది క్లియర్ అయ్యేదాకా డొమైన్ కదలకూడదు. ఈ మధ్య చెక్కులు వేసిన రోజే క్లియర్ అయ్యే పద్ధతి వచ్చింది కాబట్టి ఎదురుచూడటం పెద్ద కష్టం కూడా కాదు. "మీ బ్యాంకు మా ఊరి బ్రాంచిలో చెక్కు వేసేశాను, ఇదిగో స్లిప్పు" అని ఫొటో పంపేవాళ్లున్నారు. స్లిప్పు అంటే చెక్కు బాక్సులో పడిందని అర్థం, అంతే. చెక్కు బౌన్స్ అయితే 138 సెక్షన్ కింద కేసు వేయొచ్చు. బ్యాంకు నుంచి బౌన్స్ కబురు అందిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి, వాడికి 15 రోజుల గడువుంటుంది, ఆ తర్వాత కోర్టు. అంత దూరం వెళ్లే ఓపిక ఉంటే సరే. డీడీ అయితే, 2018 సెప్టెంబర్ నుంచి డీడీ మీద దాన్ని తీసినవాడి పేరు కూడా ముద్రిస్తున్నారు, అది చూడండి. జారీ చేసిన బ్రాంచికి ఫోన్ చేసి అడగండి. ఆ బ్రాంచి నంబరు మాత్రం బ్యాంకు వెబ్‌సైట్‌లో మీరే వెతకండి, కొనేవాడిచ్చింది కాదు.

నగదు సంగతి ఒక్క ముక్కలో: రెండు లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. తీసుకున్నవాడికే, తీసుకున్నంత మొత్తం జరిమానా పడొచ్చు. రెండు ముక్కలు చేసి తీసుకున్నా ఒకే లావాదేవీ కాబట్టి అదే లెక్క.

కొనేవాడు విదేశంలో ఉంటే

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. కారణం పేపాల్ అనే ఆన్‌లైన్ పేమెంట్ సేవ. మన దేశంలో ఒకరి నుంచి ఇంకొకరికి పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచే ఆగిపోయింది, విదేశాల నుంచి డబ్బు రావడానికి మాత్రం ఉంది. వాడటం తేలిక, డాలర్లు నిమిషంలో కనబడతాయి, మర్నాటికి మన బ్యాంకులో రూపాయలై పడతాయి. చేతికొచ్చిన డబ్బేగా అనుకుంటాం. కానీ కొన్నవాడు 180 రోజుల దాకా ఫిర్యాదు పెట్టగలడు. ఆరు నెలలు! ఈలోగా మీ సైట్‌లోని వ్యాసాలన్నీ ఇంకో డొమైన్‌లోకి ఎక్కించుకుని, "నాకు ఏమీ అందలేదు" అనో, "నా ఖాతా ఎవరో హ్యాక్ చేసి వాడారు" అనో రాయొచ్చు. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే పేపాల్‌తో పని లేకుండా నేరుగా వాడి కార్డు బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమనే అర్జీ, పెట్టే దారి ఇంకొకటి ఉంది.

చీరలు పంపేవాళ్లకైతే కొరియర్ ట్రాకింగ్ నంబరుంటుంది, సంతకం ఉంటుంది. డొమైన్ పంపినందుకు కొరియర్ రసీదు ఎక్కడిది? మెయిళ్లు, రిజిస్ట్రార్ రికార్డులు చూపిస్తాం, చూసేవాడు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. తీర్పు మనకి వ్యతిరేకంగా వస్తే, డబ్బు ఎప్పుడో బ్యాంకుకి వెళ్లిపోయింది కాబట్టి పేపాల్ ఖాతా మైనస్‌లోకి పోతుంది. అది కట్టేదాకా మిగతా క్లయింట్ల పేమెంట్లు కూడా ఇరుక్కుంటాయి. పోతే పోయిందిలే అని వదిలేసుకోగలిగినంత మొత్తానికి తప్ప సైట్ అమ్మకాల్లో నేను పేపాల్ పెట్టను. కార్డుతో కట్టే పేమెంట్ లింకులు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

నేరుగా బ్యాంకు వైర్, అంటే స్విఫ్ట్ ద్వారా వచ్చే డబ్బు, అమ్మేవాడికి మంచిది. ఒకసారి మన ఖాతాలో జమ అయ్యాక మామూలుగా వెనక్కి పోదు. ఇందులో చూసుకోవాల్సింది, "స్విఫ్ట్ కాపీ" పేరుతో వచ్చే పీడీఎఫ్‌ని డబ్బు అనుకోకుండా ఉండటం. మధ్యలో ఉండే బ్యాంకులు తలా కొంత కోసుకుంటాయి కాబట్టి 4,500 డాలర్లు పంపితే కాస్త తగ్గి వస్తుంది. చార్జీలన్నీ పంపేవాడే భరించాలని ఒప్పందంలో ముందే రాయించుకోండి. ఆ వైర్ ఫారంలో దానికి విడిగా ఒక గడి ఉంటుంది. డబ్బొచ్చాక మన బ్యాంకు పర్పస్ కోడ్ అడుగుతుంది, అంటే ఏ పని మీద వచ్చిన డబ్బో చెప్పమని. తోచింది చెప్పకుండా సీఏని అడిగి చెప్పండి.

కానీ వైర్‌తో ఒక ఇబ్బంది. మనకి ఎంత భద్రమో వాడికి అంత భయం. ముక్కూ మొహం తెలియని కాకినాడ ఆవిడకి 4,500 డాలర్లు ముందే ఎందుకు పంపాలి? వాడి చోటులో నేనున్నా పంపను. అందుకే విదేశీ బేరాల్లో ఎస్క్రోనే నా మొదటి మాట.

ఎస్క్రో అంటే మధ్యవర్తి. డబ్బు ముందు మధ్యవర్తి దగ్గరికి వెళ్తుంది, మనకి రాదు. వచ్చిందని వాళ్లు మనకి చెప్తారు. అప్పుడు మనం డొమైన్, ఫైళ్లు బదిలీ చేస్తాం. కొన్నవాడు ముందే అనుకున్న గడువులో చూసుకుని సరే అంటాడు. అప్పుడు మధ్యవర్తి మనకి వైర్ చేస్తాడు. ఈ రంగంలో అందరికీ తెలిసిన పేరు ఎస్క్రో.కామ్. 2015లో ఆస్ట్రేలియాకి చెందిన ఫ్రీలాన్సర్ కంపెనీ దీన్ని కొన్నది. కాలిఫోర్నియాలో ప్రభుత్వ లైసెన్సు ఉంది, దాన్ని ఆ రాష్ట్ర ఆర్థిక శాఖ సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఫీజు మొత్తాన్ని బట్టి ఉంటుంది. కొనేవాడు కట్టొచ్చు, మనం కట్టొచ్చు, చెరిసగం పంచుకోవచ్చు. నేను చెరిసగం అంటాను. ఆ ఫీజు దగ్గర బేరం తెగేలా పట్టుబట్టడం అనవసరం.

ఎస్క్రోలో నేను పట్టుబట్టేవి వేరే ఉన్నాయి. లావాదేవీ వివరాల్లో ఏమేం అమ్ముతున్నామో విడివిడిగా రాయాలి: డొమైన్, సైట్ ఫైళ్లు, డేటాబేస్, ఫేస్‌బుక్ పేజీ, టెలిగ్రామ్ ఛానల్, ఈమెయిల్ జాబితా. "వెబ్‌సైట్" అని ఒక్క మాట రాసి వదిలేస్తే, తర్వాత వాడు "టెలిగ్రామ్ ఛానల్ కూడా ఇస్తానన్నారుగా" అని సరే అనకుండా కూర్చుంటాడు. పరిశీలన గడువు మూడు నుంచి ఐదు రోజులు చాలు. నెల అడిగితే వాడు చూస్తున్నది సైట్‌ని కాదు, నెల ఆదాయాన్ని. ఇక డబ్బు వచ్చిందని మెయిల్ వస్తే ఆ మెయిల్‌లోని లింకు నొక్కకూడదు. బ్రౌజర్‌లో అడ్రస్ మన చేత్తో టైపు చేసి లాగిన్ అయి చూడాలి.

ఈ చివరిది ఎందుకంటే దొంగ ఎస్క్రో సైట్లు బోలెడు. కొనేవాడు చాలా మర్యాదగా, "మా కంపెనీ ఎప్పుడూ ఫలానా ఎస్క్రోనే వాడుతుంది" అని లింకు పంపుతాడు. సైట్ చూస్తే కళ్లు చెదిరేలా ఉంటుంది, లాగిన్ అయితే మీ పేరుమీద డబ్బు జమ అయినట్టు కూడా చూపిస్తుంది. ఆ డొమైన్ ఎప్పుడు రిజిస్టర్ అయిందో హూఈజ్‌లో, అంటే డొమైన్ల రిజిస్ట్రేషన్ వివరాలు చూపించే చోట, చూడండి. చాలాసార్లు అది ఈమధ్యే పుట్టి ఉంటుంది. అమ్మేవాళ్లని "సెక్యూరిటీ డిపాజిట్" కట్టమని అడిగిందా, ఇక చెప్పక్కర్లేదు. దీని చుట్టమే ఇంకొకటి: "మీ డొమైన్ మంచి ధరకి కొంటాను, కానీ ముందు ఫలానా సంస్థ నుంచి వాల్యుయేషన్ సర్టిఫికెట్ తీసుకోండి." ఆ సర్టిఫికెట్ ఫీజే వాడి వ్యాపారం. అమ్మేవాడు డబ్బు పుచ్చుకోవడానికి ఎదురు డబ్బు కట్టడమనేది ఉండదు. నిజమైన ఎస్క్రో అయితే తన ఫీజును మనకొచ్చే దాంట్లోంచి మినహాయించుకుంటుంది.

ఫ్లిప్పా లాంటి అమ్మకపు సైట్లలో పెడితే, కొనేవాడు "బయట మాట్లాడుకుందాం, కమిషన్ మిగులుతుంది" అంటాడు. కమిషన్ మిగలడం నిజమే. దాంతోపాటు గొడవ వస్తే చూపించుకునే రికార్డు కూడా పోతుంది. నేను అక్కడ దొరికినవాడితో అక్కడే ముగిస్తాను.

క్రిప్టో గురించి కుర్రాళ్లు అడుగుతారు. "యూఎస్‌డీటీ అయితే వెనక్కి పోదు కదక్కా?" అని. డాలర్ విలువకి కట్టేసిన క్రిప్టో అది. నా ప్రశ్నకి అది సరైన జవాబే, వెనక్కి పోదు. కానీ దాన్ని రూపాయలు చేసుకోవాలంటే చాలామంది పీటూపీలో, అంటే నేరుగా ఇంకో మనిషికి, అమ్ముతారు. అప్పుడు మన ఖాతాలోకి డబ్బు వేసేది ఎవడో తెలియని మనిషి. మళ్లీ మొబైల్ షాపు ఆయన కథ. పైగా 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, 1 శాతం టీడీఎస్. నేను దూరంగా ఉంటాను.

వాయిదాల బేరం, అప్పగించే వరస

"సగం ఇప్పుడు, సగం మూడు నెలల తర్వాత" అనేవాళ్లు ఉంటారు, అందరూ మోసగాళ్లు కారు. చిన్న ఊళ్లలో కుర్రాళ్ల దగ్గర ఒకేసారి అంత డబ్బు ఉండదు. నేను ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. డొమైన్ చివరి వాయిదా దాకా నా రిజిస్ట్రార్ ఖాతాలోనే ఉంటుంది. సైట్ నడుపుకోవడానికి వర్డ్‌ప్రెస్‌లో ఎడిటర్ స్థాయి లాగిన్ ఇస్తాను. యాడ్స్ ఆదాయం మొదటి వాయిదా నుంచే వాళ్లది. వాయిదా తప్పితే ఏమవుతుందో, కట్టిన డబ్బులో ఎంత తిరిగి ఇస్తానో ముందే రాసుకుంటాం. రాబోయే తేదీలు వేసిన చెక్కులు తీసుకోవడం ఒక ధైర్యం, అంతకుమించి దాని మీద ఆధారపడను.

అప్పగించే వరస కూడా పేమెంట్ భద్రతలో భాగమే. బేరం కుదరకముందు అనలిటిక్స్, సెర్చ్ కన్సోల్ (సైట్‌కి ఎంతమంది, ఎలా వస్తున్నారో చూపే గూగుల్ లెక్కలు) చూడాలంటే చూసే హక్కు మాత్రమే ఇస్తాను, లేదా స్క్రీన్ షేర్‌లో చూపిస్తాను. డబ్బు పూర్తిగా పడేదాకా, లేదా ఎస్క్రోలో చేరేదాకా అడ్మిన్ పాస్‌వర్డ్, డేటాబేస్ కాపీ, డొమైన్ ఆథ్ కోడ్ (ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చడానికి కావాల్సిన రహస్య కోడ్) ఇవేవీ కదలవు. "ఒక్కసారి హోస్టింగ్ చూసి ఇచ్చేస్తాను" అన్నవాడికి అయిదు నిమిషాలు చాలు మొత్తం సైట్ దింపుకోవడానికి.

కొత్తగా రిజిస్టర్ చేసినా, ఈమధ్యే వేరే రిజిస్ట్రార్ నుంచి తెచ్చుకున్నా, డాట్ కామ్ లాంటి డొమైన్లు 60 రోజులదాకా ఇంకో రిజిస్ట్రార్‌కి మారవు. ఇది ముందే చూసుకోకపోతే ఎస్క్రోలో డబ్బు ఉంటుంది, మనం పంపలేం, వాడు అనుమానిస్తాడు. అలాంటప్పుడు వాణ్నే మన రిజిస్ట్రార్‌లో ఖాతా తెరవమంటే లోపల్లోపలే బదిలీ చేసేయొచ్చు. సాధారణంగా ఇదే త్వరగా అయ్యే పని. నేను ఈ 60 రోజుల అడ్డు లేని డొమైన్లకి కూడా ఇలాగే చేస్తాను.

సైట్ మీద ప్రకటనల డబ్బు వచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ ఖాతాని ఇంకొకరికి బదిలీ చేయడానికి గూగుల్ ఒప్పుకోదు. కొన్నవాడు తన సొంత ఖాతాలో సైట్‌ని చేర్చుకోవాలి. ఇది ముందే ఒప్పందంలో రాసి, వాడితో "అర్థమైంది" అని మెయిల్ కూడా తీసుకోండి. సైట్ మీద వచ్చే ఆదాయం చూసి కొన్నవాడు, బదిలీ అయ్యాక యాడ్స్ కనబడకపోతే మొదట చేసే పని డబ్బు ఆపేయడమే. నేను చూసిన తగాదాల్లో దీని మీద వచ్చినవే ఎక్కువ.

అమ్మకం అయ్యాక ఒక ఫోల్డర్‌లో ఇవన్నీ పడేసి ఉంచుతాను: సంతకం చేసిన ఒప్పందం, కొన్నవాడి పాన్ కాపీ, ఇన్‌వాయిస్, యూటీఆర్ ఉన్న స్టేట్‌మెంట్ పేజీ, రిజిస్ట్రార్ పంపిన బదిలీ మెయిల్, సైట్ అందిందని వాడు రాసిన మెయిల్. విదేశీ డబ్బైతే బ్యాంకు నుంచి ఎఫ్ఐఆర్‌సీ (విదేశీ డబ్బు వచ్చిందని ఇచ్చే సర్టిఫికెట్) గానీ, ఇన్‌వర్డ్ రెమిటెన్స్ అడ్వైజ్ గానీ. కొన్ని బ్యాంకులు అడిగితేనే ఇస్తాయి, అడగండి. ఖాతా ఫ్రీజ్ పడితే పోలీసులకి పంపాల్సింది ఈ ఫోల్డరే. ఆ డబ్బు వ్యాపార ఆదాయమా, మూలధన లాభమా, జీఎస్టీ వర్తిస్తుందా అన్నది మీరు ఏడాదికి ఎన్ని సైట్లు అమ్ముతారు, ఎలా అమ్ముతారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. జూలైలో రిటర్న్ వేసేటప్పుడు కాకుండా, డబ్బు పడిన వారంలోనే ఈ ఫోల్డర్ పట్టుకుని సీఏ దగ్గరికి వెళ్లండి. అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాల్సి వస్తే దాని గడువులు అంతకు ముందే వచ్చేస్తాయి.